బల్ల దించితే పడక

"గట్టి సూట్‌కేసులు తేవద్దు, మడిచి పెట్టుకోగలిగే సంచుల్లో సామాను తెచ్చుకోండి" అని పడవ అద్దెకిచ్చేవాళ్లు ముందే కాగితం పంపారు. మా అమ్మాయి ఆ సంగతి ఫోన్లో రెండుసార్లు చెప్పింది. మా శ్రీమతి రెండుసార్లూ "అలాగేనమ్మా" అంది. తీరా చెన్నైలో విమానం ఎక్కే రోజుకి మా వెంట ఉన్నవి రెండూ గట్టి సూట్‌కేసులే. ఒకదాంట్లో బట్టలు. రెండో దాంట్లో సోనామసూరి బియ్యం, కందిపొడి, అప్పడాలు, ఆవకాయ, ఇంకా నేను అడగదలుచుకోని కొన్ని పొట్లాలు. నెలన్నర పిల్లల దగ్గర ఉండటానికి వెళ్తున్నాం కాబట్టి ఆ సామానుకి అర్థం ఉంది. అందులో ఒక వారం పడవలో కాపురం చేయబోతున్నామన్న సంగతి మాత్రం ఆ పెట్టెలకి తెలియదు.

ఇది 2023 మే నెల మాట. అమ్మాయీ అల్లుడూ మాంచెస్టర్ దగ్గర ఉంటారు. ఇంగ్లండుకీ వేల్స్‌కీ సరిహద్దుల్లో లాంగోలెన్ కాలవ అని ఒకటుంది. దాని మీద పడవ అద్దెకు తీసుకుని మనమే నడుపుకుంటూ పోవచ్చు. నడపటానికి లైసెన్సు అక్కర్లేదు. గంటకి 4 మైళ్లు మించకూడదన్నది నియమం. గట్టు మీద కుక్కని తిప్పుతున్న ముసలాయన మనల్ని దాటుకుని పోతాడు, మనం ఆయనకి చెయ్యి ఊపుతాం. కాలవ అందం గురించి నేను ఎక్కువ రాయను. పచ్చిక, గొర్రెలు, రాతి వంతెనలు, బాతులు. ఫోటోల్లో ఎలా ఉంటుందో అలాగే ఉంది. నేను చెప్పాలనుకున్నది పడవ లోపలి సంగతి. ముఖ్యంగా పడక సంగతి.

ఈ పడవల్ని వాళ్లు 'నేరో బోట్' అంటారు, అంటే ఇరుకు పడవ. పేరుకి తగ్గట్టే వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. పొడవు మాత్రం 70 అడుగుల దాకా ఉండొచ్చు. మాది 57 అడుగులది. ఇంత సన్నగా ఎందుకంటే, 18వ శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు తాను తవ్వించిన కాలవల మీద లాకుల్ని సుమారు 7 అడుగుల వెడల్పుతో కట్టాడు. లాకు సన్నగా ఉంటే ఖర్చు తక్కువ, ఒక్కో పడవ దాటినప్పుడు దిగజారిపోయే నీళ్లూ తక్కువ. ఆనాడు ఆయన మిగిల్చిన డబ్బుకి వడ్డీ ఈనాటికీ పడవలో పడుకునేవాడు కడుతున్నాడు. గోడల మందం, చలి రాకుండా వేసిన పొర పోను లోపల మిగిలేది సుమారు 6 అడుగులు. మన రైలు పెట్టె వెడల్పులో మూడింట రెండు వంతులు కూడా ఉండదన్నమాట. ఆ వెడల్పులోనే నడవా, వంటిల్లు, స్నానాలగది, పడకలు, అన్నీ.

అద్దె కాగితంలో "ఆరుగురు పడుకోవచ్చు" అని రాశారు. మేం నలుగురం. ఇంకేం, కాళ్లు బారచాపుకోవచ్చు అనుకున్నాను. ముప్పై ఏళ్లు బ్యాంకులో బ్యాలెన్స్ షీట్లు చూసిన వాణ్ణి, అక్కడ నాకు అనుమానం రావలసింది. కంపెనీకి ఆథరైజ్డ్ క్యాపిటల్ అని ఒకటుంటుంది, పెయిడప్ క్యాపిటల్ అని మరొకటుంటుంది. మొదటిది కాగితం మీద ఉండే అంకె. రెండోదే పెట్టెలో పడ్డ డబ్బు. పడవలో పడకల లెక్కా అంతే. ఎప్పుడూ పరిచే ఉండే పడక పెయిడప్. బల్లలు దించి, దిండ్లు పేర్చి తయారు చేసుకునేది ఆథరైజ్డ్.

మా పడవలో పెయిడప్ పడకలు రెండే. వెనక గదిలో 4 అడుగుల వెడల్పు డబుల్ పడక ఒకటి, నడవా పక్కన గోడకి అంటించిన సింగిల్ బెర్తు ఒకటి. మూడోది ముందు భాగంలో భోజనం బల్ల. దానికి అటూ ఇటూ ఎదురెదురుగా రెండు మెత్తటి బల్లలు, మధ్యలో తినే బల్ల. రాత్రి ఆ బల్ల కాలు ఊడదీసి పలకని కిందకి దించితే రెండు పక్కలా ఉన్న అంచుల మీద కూర్చుంటుంది. బల్లల వెనక ఆనుకునే దిండ్లు తెచ్చి మధ్యలో పేరిస్తే ఇద్దరికి పడక. ఇలాంటి బల్ల పెట్టని చిన్న పడవ లేదట.

డబుల్ పడక మాకే ఇస్తామని పిల్లలు పట్టుబట్టారు. కాని ఆ పడక ఒక పక్క గోడకి అతుక్కుని ఉంటుంది. లోపలివైపు పడుకున్న వాళ్లు రాత్రి లేవాలంటే బయటివైపు వాళ్ల మీదుగా పాకి రావాలి. మా శ్రీమతికి మోకాళ్ల నొప్పులు, రాత్రి రెండుసార్లు లేవాలి. ఆమె బయటివైపు పడుకుంటే నేను లోపల గోడకి అతుక్కోవాలి. నాకు గోడ అంటే ఊపిరాడదు. చివరికి తల్లీకూతుళ్లు ఆ గదిలోకి వెళ్లారు. అల్లుడు ఆరడుగుల మనిషి, సింగిల్ బెర్తులో మోకాళ్లు మడుచుకుని సర్దుకున్నాడు. "మావయ్యగారూ, మీరు బల్ల మీద హాయిగా పడుకోండి, ఇద్దరు పట్టేంత చోటుంది" అన్నాడు. పాపం మంచి మనసుతోనే అన్నాడు.

మొదటి రాత్రి ఆ పడక వేయటానికి నాకు ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. అయిదు దిండ్లు, అయిదు కొలతలు. ఒకే ఒక్క వరసలో పేరిస్తేనే ఖాళీ లేకుండా కుదురుతాయి. కుదిరాక కూడా రెండు దిండ్లు కలిసే గీత సరిగ్గా నడుం కిందకి వస్తుంది. అంతా అయిందనుకుని దీపం తీసేశాక చలి వేసింది. రగ్గు ఏదని చూస్తే, అది బల్ల కింద సామాను అరలో ఉంది. ఆ అర మూత తియ్యాలంటే దిండ్లు తియ్యాలి, పలక ఎత్తాలి. అంటే వేసిన పక్కంతా విప్పాలి. స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని పడుకున్నాను. రేపటికి కావలసింది ఈ రాత్రి పడక కింద పెట్టకూడదు, ఈ రాత్రికి కావలసింది అసలే పెట్టకూడదు. పడవలో సామాను సర్దటంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది.

సామాను దాచే చోట్లు ఎన్ని ఉన్నాయో తెలియటానికి రెండు రోజులు పట్టింది. మెట్ల లోపల అరలు. మెట్టు పలక ఎత్తితే చెప్పులు. ప్రతి పడక కిందా అరలు. కిటికీ పైన సన్నటి అల్మరా, దానికి అంచు కట్ట ఉంటుంది, పడవ దేనికైనా తగిలినప్పుడు గ్లాసులు జారిపోకుండా. పడక కింద అరకి పైన మూత పెట్టాలా, పక్కన సొరుగు పెట్టాలా అన్నది వాళ్లకి పెద్ద చర్చేనట. మూతైతే చోటు వృథా కాదు, కాని పరుపు ఎత్తాలి. సొరుగైతే సుఖం, కాని లాగటానికి ఎదురుగా ఖాళీ ఉండాలి. నడవా రెండడుగులే. సొరుగు లాగితే ఇంకెవరూ నడవటానికి లేదు.

ఇక మన రెండు సూట్‌కేసులు. అవి ఏ అరలోనూ పట్టలేదు. బట్టల పెట్టె ఖాళీ చేసి పడవలవాళ్ల ఆఫీసులోనే వదిలేశాం. తిండి పెట్టె మాత్రం పడవ ఎక్కింది. స్నానాలగదిలో నీళ్లు పడే తొట్టిలో నిలబెట్టాం. పొద్దున్నే ఎవరైనా స్నానానికి వెళ్తే అది వెనక గది పడక మీదకి వెళ్తుంది. రాత్రి పడుకునేటప్పుడు మళ్లీ స్నానాలగదికి వస్తుంది. వంటప్పుడు నడవాలోకి. ఆ వారం రోజుల్లో మాకంటే ఆ పెట్టే ఎక్కువ ప్రయాణం చేసిందని మా అల్లుడి లెక్క.

మూడో రోజుకి దాన్ని విప్పి సామాను అరల్లో సర్దేసింది మా శ్రీమతి. అయిదో రోజున అప్పడాలు తీస్తే మెత్తగా గుడ్డల్లా ఉన్నాయి. పడవ ఒళ్లు ఇనుము. నీటి మట్టానికి దిగువన ఆ ఇనుము కాలవ నీళ్లంత చల్లగా ఉంటుంది. లోపల మన ఊపిరి, వంట ఆవిరి వెళ్లి ఆ చల్లటి గోడకి తగిలి నీరవుతుంది. అందుకే పరుపుల కింద గాలి ఆడేట్టు చెక్క పట్టీలు వేస్తారు, పగలు పరుపుని కాసేపు నిలబెడతారు. గోడకి ఆనించి పెట్టిన వస్తువేదైనా చెమ్మగిల్లక తప్పదు. ఆవకాయకి మాత్రం ఏమీ కాలేదు.

బరువు సంగతి కూడా చెప్పాలి. మంచినీళ్ల ట్యాంకు ముందు కొసలో ఉంటుంది. నిండుగా ఉన్నప్పుడు పడవ ముక్కు కొంచెం వంగి ఉంటుంది, వాడుకున్నకొద్దీ లేస్తుంది. నేల పలకల కింద ఇటుకలో రాతి పలకలో పేర్చి పడవని నిటారుగా నిలబెడతారు. గ్యాసు సిలిండర్లు ముందు కొసలో విడిగా ఉన్న అరలో పెడతారు. ఆ అరకి లోపలికి దారి ఉండదు, అడుగున బయటికి కన్నాలుంటాయి. గ్యాసు గాలికంటే బరువు. కారితే కిందకి దిగుతుంది. పడవ లోపలికి దిగితే అడుగున చేరి కూర్చుంటుంది, పోయే దారి ఉండదు. అందుకని బయటికే పోయే దారి పెట్టారు. మేం నలుగురం ఒకే పక్క కిటికీ దగ్గర చేరి గొర్రెపిల్లల్ని చూస్తుంటే పడవ అటు ఒరిగేది. "ఒకరిటు రండి" అని వెనక చుక్కాని దగ్గర్నుంచి అల్లుడు కేక వేసేవాడు.

న్యూ మార్టన్ దగ్గర రెండు లాకులు వచ్చాయి. మాది చెన్నై అయినా మా శ్రీమతి పుట్టిల్లు ఆత్రేయపురం పక్క. పడవ లాకులోకి వెళ్లి, వెనక తలుపులు మూసి, ఎదుటి తలుపుల తూములు తెరవగానే నీళ్లు పొంగి పడవ పైకి లేస్తుంటే ఆమె గట్టు మీద నిలబడి, "ఏమండీ, ఇది మన లొల్ల లాకేనండీ!" అంది. గోదావరి కాలవల మీద లాకుని లాకు అనే అంటాం. మాటతో సహా తెచ్చుకున్నది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852లో ముగించాక ఆ కాలవల్లో నీళ్లూ పారాయి, పడవలూ నడిచాయి. లాంగోలెన్ కాలవ కూడా ఆ రకమే. డీ నది నుంచి నీళ్లు తీసుకుని మోసుకుపోతుంది. అందుకని నీళ్లు నిలవుండవు, పారుతూ ఉంటాయి. ఎగువకి వెళ్తుంటే పడవ ఇంకా మెల్లగా కదులుతుంది. తేడా ఏమంటే, అక్కడ లాకుకి సూపరింటెండెంటు ఉండేవారని మా ఆవిడ చెబుతుంది, ఇక్కడ ఇనుప హ్యాండిల్ తీసుకుని మనమే తిప్పుకోవాలి. అమ్మాయి తిప్పింది. నేను ఫోటోలు తీశాను.

తర్వాత పొంట్‌కసెల్టీ. టెల్ఫర్డ్, జెస్సప్ అనే ఇంజనీర్లు కట్టిన నీటి వంతెన, 1805లో తెరిచారు. 1007 అడుగుల పొడవున ఇనుప తొట్టిలో కాలవ నీళ్లు, కింద 126 అడుగుల లోతున నది. తొట్టికి ఒక పక్క నడిచే దారి, కమ్మీలు. రెండో పక్క ఏమీ లేదు. వంటింటి కిటికీలోంచి చూస్తే నేరుగా ఆకాశమూ, కింద చెట్ల తలలూ. మా శ్రీమతి ఆ పావుగంటా స్టవ్ కట్టేసి కూర్చుంది. యునెస్కో 2009లో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చూడవలసిందే.

ఆ మధ్యాహ్నం నాకు నడుం పట్టేసింది. రెండు రాత్రులు దిండ్ల గీత మీద పడుకున్న ఫలితం. భోజనం అయ్యాక పది నిమిషాలు వాలాలనిపించింది. ఎక్కడ వాలను? నా పడక పొద్దున్నే బల్ల అయిపోయింది. దాని మీద పళ్లేలు, మ్యాపు, అమ్మాయి కంప్యూటరు. మా శ్రీమతి ఆఫీసు గుమాస్తాలాగా టైము పెట్టింది, ఆరున్నరకల్లా నేను లేచి పక్క తీసేస్తే తప్ప ఇంటిల్లిపాదికీ కాఫీ తాగే చోటు లేదు. రాత్రి పదింటికి అందరూ కబుర్లు ముగించి లేస్తే తప్ప నేను పడుకోవటానికి లేదు. వాళ్లకి నిద్ర రాకపోతే నాకూ లేదు. వెనక గదికి వెళ్లి పడుకోవచ్చు, ఎవరూ కాదనరు. కాని అమ్మాయి బట్టలు, పుస్తకాలు పరుచుకుని ఉన్న గది, అడగబుద్ధి కాలేదు. "ఏం ఫరవాలేదు" అని కూర్చునే తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాను.

లాంగోలెన్ ఊళ్లో ఆ రాత్రి ఆగాం. మా పక్కన కట్టిన పడవాయన డెబ్భై దాటిన మనిషి, పూర్వం సముద్రం మీద తెరచాప పడవ నడిపేవాడట. నా నడుం కథ విని నవ్వి, సముద్రప్పడవ పడకల గురించి చాలా చెప్పాడు. గాలికి పడవ ఒక పక్కకి వాలే నడుస్తుంది కాబట్టి అక్కడ వెడల్పు పడక ఎందుకూ పనికి రాదట. సన్నగా, నిలువునా ఉండాలి, మనిషి దొర్లి పడకుండా పడక అంచుకి గుడ్డ కట్టి పైకి లాగి బిగిస్తారు. ముక్కులో ఉండే కోసు పడక రేవులో ఉన్నప్పుడు బాగుంటుంది, అలల మీద అదే ఎక్కువ ఎగిరిపడుతుంది. వెనక చుక్కాని అరుగు కింద సొరంగంలా ఒక పడక ఉంటుంది, తల బయటా కాళ్లు లోపలా పెట్టి దూరాలి. చూడటానికి శవపేటికలా ఉన్నా తుఫానులో అందరూ కోరుకునేది దాన్నేనట. చిన్న పడవ మీద ఆరుగురు తాగొచ్చు, నలుగురు తినొచ్చు, ఇద్దరే పడుకోవాలి అని పడవలవాళ్లలో ఒక మాట ఉందని కూడా చెప్పాడు. అద్దె కాగితం రాసినవాళ్లకి ఆ మాట తెలిసినట్టు లేదు.

ఊళ్లో సిగ్నలు బాగుంది గనక ఇంటికి వీడియో కాల్ చేశాం. మా అమ్మ చెన్నైలో ఉంది. మేం లేని నెలన్నరా మా చెల్లెలు వచ్చి ఉంది. అల్లుడు ఫోను పట్టుకుని పడవంతా తిప్పి చూపించాడు. అమ్మ అంతా చూసి, "బాగుంది నాయనా. మా వాడి పడక ఏదీ?" అని అడిగింది. వంతెన గురించి అడగలేదు. నేను ఫోను తీసుకుని, "ఇదిగో ఈ బల్లేనమ్మా. రాత్రికి దించి పక్క వేసుకుంటా, పొద్దున్నే తీసెయ్యాలి" అన్నాను.

"నాలాగేనా?" అని నవ్వింది.

ఎత్తిపొడుపు కాదు. మా అమ్మకి ఎత్తిపొడుపు తెలియదు. నిజంగానే ఆమెకి తమాషాగా తోచి అంది. ఆ వెంటనే తన పడవ ప్రయాణం చెప్పుకొచ్చింది. మా అమ్మ పుట్టిల్లు నెల్లూరు జిల్లాలో బకింగ్‌హాం కాలవ ఒడ్డు. మా తాతగారు సరుగుడు కట్టెల వ్యాపారి దగ్గర గుమాస్తా. అమ్మకి ఏడేళ్లప్పుడు ఒకసారి కట్టెల పడవలో మద్రాసు బేసిన్ బ్రిడ్జి దాకా వెంట తీసుకొచ్చారట. "రేత్రిళ్లు ఏడ పడుకున్యావమ్మా?" అని మా చెల్లెలు నెల్లూరు యాసలో ఆటపట్టిస్తూ అడిగింది. "కట్టెల మీద గోతాం పరిచి. పడవాయన పెళ్లాం పిల్లోడి నడుంకి తాడు కట్టి గుంజకి కట్టేసేది, నీళ్లల్లో పడతాడని. నన్నూ కట్టేస్తానంటే ఏడ్చా" అంది. ఆ కాలవలో మద్రాసు ఊళ్లో అడయారు, కూవం నదుల్ని కలిపే ముక్కని 1877-78 కరువులో కూలి పనులకింద తవ్వించి, అప్పటి గవర్నరు పేరు పెట్టారు. 1960లలో, 70లలో వచ్చిన తుఫాన్ల తర్వాత పడవలు సన్నగిల్లి ఆగిపోయాయి. ఇప్పుడు మైలాపూరు వైపు ఆ కాలవలో రైలు స్తంభాలు నిలబడి ఉన్నాయి. ఈ సంగతులు నాకు తెలుసు. మా అమ్మ దాని మీద ప్రయాణం చేసిందని తెలియదు. తొమ్మిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం.

పడవ అప్పగించాక, మాంచెస్టర్ తిరిగొచ్చే దారిలో ఎల్స్‌మియర్ పోర్టు అనే ఊళ్లో కాలవల మ్యూజియంకి వెళ్లాం. పాత సరుకు పడవలు అక్కడ ఉన్నాయి. డెబ్భై అడుగుల పడవలో అరవై అడుగుల దాకా బొగ్గో మట్టో ఉండేది. చివర సుమారు పదడుగుల గదిలో కుటుంబం. రైళ్లు వచ్చి కిరాయిలు పడిపోయాక ఒడ్డున ఇల్లు పెట్టే స్తోమత లేక పెళ్లాం పిల్లలతో పడవలోకి మారిపోయారు. తల వంచి ఆ గదిలోకి దిగాను. దిగే మెట్టే బొగ్గు పెట్టె. ఎడమ చేతి పక్క ఇనుప పొయ్యి. దాని పక్కన అల్మరా, ఆ అల్మరా తలుపుని బందుల మీద కిందకి దించితే భోజనం బల్ల. ఆ పక్కన ఇంకో పెద్ద అల్మరా, దాని తలుపు అడ్డంగా దించితే భార్యాభర్తల పడక. కుడి పక్క పొడుగాటి బల్ల, పగలు కూర్చోవటానికి, రాత్రి పిల్లలకి. దాని కింద బట్టలు. రసీదులకి చిన్న సొరుగు. ఖాళీగా ఉన్న ప్రతి చోటా గులాబీలు, కోటలు రంగుల్లో వేసి, లేసు తెరలు కట్టి, ఇత్తడి గుబ్బలు మెరిపించి పెట్టుకున్నారు. ఇరుకని ఏడవలేదు, ముస్తాబు చేసుకున్నారు.

కోల్‌విల్ ఊరి జార్జి స్మిత్ అనే ఆయన వీళ్ల గురించి గొడవ చేసి, 1877లో పార్లమెంటు చేత చట్టం చేయించాడు. దాని కింద వచ్చిన నిబంధనల్లో లెక్కలున్నాయి. వెనక గదిలో 180 ఘనపుటడుగులకి తక్కువ కాకుండా ఖాళీ ఉండాలి. పన్నెండేళ్లు దాటిన మనిషికి 60, లోపు పిల్లలకి 40. ఎదిగిన పిల్లలు తల్లిదండ్రుల గదిలో పడుకోకూడదు. మా బుర్రలు లెక్కలు వేయకుండా ఉండవు కదా: భార్యాభర్తలకి 120, ఒక పిల్లకి 40, ఇంకా 20 మిగిలింది. రెండో పిల్లకి 20 తక్కువ. చట్టం వచ్చాక ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే ఆ రెండో పిల్ల ఎటు పోయేదో. 1962-63 చలికాలంలో కాలవలు గడ్డకట్టుకుపోయాక ఆ సరుకు రవాణా ఇంచుమించు ముగిసింది.

చెన్నై వచ్చిన మర్నాడు ఆదివారం. మడతల టేపు తీసుకుని మా ఇంటి అటకలు, గోడ బీరువాలు కొలిచాను. మా శ్రీమతి ఎందుకని అడిగితే ఊరికే అన్నాను. మొత్తం 210 ఘనపుటడుగులు వచ్చింది. అందులో ఉన్నవి: పెళ్లిళ్లలో వచ్చిన గోడ గడియారాలు, మా బ్యాంకు వార్షికోత్సవాల్లో ఇచ్చిన బ్రీఫ్‌కేసులు, అమ్మాయి పదో తరగతి పుస్తకాలు, పాత కూలరు పెట్టె, అందులో కూలరు లేదు. ఇది కాక అమ్మాయి గది. దానికి తాళం వేసి ఉండదు కాని వేసినట్టే. ఆమె మంచం మీద కూడా అట్టపెట్టెలే. మా నాన్న 2014లో పోయాక అమ్మ మా దగ్గరకొచ్చింది. అప్పట్నుంచీ హాల్లో మడతమంచం మీద పడుకుంటుంది. గాలి బాగా వస్తుంది, టీవీ ఉంది, బాత్రూం దగ్గర అని అప్పుడు అందరం అనుకున్నాం. పాలవాడు వచ్చే వేళకి లేచి, మంచం మడిచి తలుపు వెనక పెట్టి, పక్కబట్టలు చుట్టి సోఫా వెనక దోపుతుంది. మధ్యాహ్నం సోఫాలో కూర్చునే తల వాలుస్తుంది. "మా అమ్మకి కూర్చునే నిద్రపోవటం అలవాటు" అని నేను వచ్చినవాళ్లకి చెప్పేవాణ్ణి కూడా.

రెండు ఆదివారాలు పట్టింది అమ్మాయి గది ఖాళీ చేయటానికి. మంచానికి కొత్త పరుపు వేయించి అమ్మని తీసుకెళ్లి చూపించాను. ఆమె తిరిగి చూసి, కిటికీ తెరిచి మూసి, "నాకొద్దురా" అంది. "హాల్లో అయితే ఎవరొచ్చారో పోయారో తెలుస్తుంది. మీరు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులిప్పే చప్పుడు వినబడుద్ది. ఈడ పడుకోబెడితే అట్టపెట్టెలు తీసి నన్ను పెట్టినట్టుంటుంది."

నేను నొచ్చుకున్న మాట నిజం. రెండు ఆదివారాలు దుమ్ము తిన్నాను మరి. మా శ్రీమతే, "అత్తయ్యకి గది అక్కర్లేదండీ, పగలు కూడా ఉండే పడక కావాలి" అంది. వారం రోజులు బల్ల మీద పడుకున్నది నేను, తెలిసింది ఆమెకి.

ముగ్గురు కూర్చునే సోఫా అమ్మాయి గదిలోకి వెళ్లిపోయింది. దాని స్థానంలో, కిటికీ పక్కన, వడ్రంగి చేత మూడడుగుల వెడల్పు దివాన్ మంచం చేయించాం. ఎత్తు 18 అంగుళాలు, ఆమె మోకాళ్లు కొలిచి చెప్పింది. కింద మూతలు వద్దు, సొరుగులు పెట్టమన్నాను, మా హాల్లో లాగటానికి చోటుంది కాబట్టి. రెండు సొరుగులు. పరుపు కింద పలకకి గాలి ఆడే కన్నాలు పెట్టమంటే వడ్రంగి నన్ను వింతగా చూశాడు. చెన్నైలో అవసరమే. వచ్చినవాళ్లు కుర్చీల్లో కూర్చుంటారు. కుర్చీలు చాలకపోతే వాళ్లూ దివాన్ మీద ఒక పక్కన కూర్చుంటారు, అమ్మ కాళ్లు ముడుచుకుంటుంది. మొదటి పదిరోజులు పాలవాడి వేళకి లేచి పక్క చుట్టబోయేది. అలవాటు.

ఇంతా చేస్తే మధ్యాహ్నం పడుకుంటే ఆమెకి నిద్ర పట్టటం లేదు. "తొమ్మిదేళ్లు కూర్చుని నిద్రపోయినదాన్ని, పడుకుంటే ఎట్టా వస్తుందిరా" అంటుంది. అయినా పడుకుంటుంది. పడుకుని కిటికీలోంచి మెట్ల దగ్గర వచ్చేపోయేవాళ్లని చూస్తుంటుంది.

సొరుగుల్లో ఏం పెట్టుకుంటావని అడిగాను. ఎడమ దాంట్లో చీరలు, మందులు. కుడి దాంట్లో నాన్న కళ్లజోడు, ఉత్తరాలు, ఒక చిన్న జాడీ. ఆవకాయ జాడీ ఇక్కడెందుకమ్మా, వంటింట్లో ఉండాలి కదా అన్నాను. "ఉండనీరా. అన్నీ ఎడం పక్కే పెడితే మంచం ఒరిగిపోద్ది" అంది.